ఎంగిలి దారం

కాజాల మాస్టారు దారం కొసను పెదవుల మధ్య పెట్టుకుని లాగాడు. పొడిగా వెళ్లింది, పొడిగానే వచ్చింది. నోట్లో తడి లేదన్న సంగతి ముప్పై ఏళ్ల అలవాటున్న ఆ చేతికి ఇంకా ఎక్కలేదు. భార్య దారం అందుకుంది.

టైలరు దుకాణంలో మూలపీట ఆయనది. కాజాలు తియ్యడం, బొత్తాలు కుట్టడం, అంతే పని. ఎవరేమన్నా తల ఊపుతాడు. నోట్లో నాలుక లేని మనిషని పేరు. తీరా జబ్బు వచ్చి, ఆ నాలుకను వదిలేసి అంగిలిని పట్టుకుంది. బఠాణీ గింజంత గడ్డ. నొప్పి లేనిదానికి వైద్యమేమిటని రెండేళ్లు ఊరుకున్నాడు. ఉమ్మి ఊరే చిన్న గ్రంథుల్లో పుట్టిన క్యాన్సరన్నారు. అంగిలి సగం కోసేసి, కంతకు అడ్డంగా పలక అమర్చి, ముప్పై మూడు రోజులు రేడియేషన్ కరెంటు పెట్టారు. గడ్డతో పాటు ఉమ్మీ పోయింది. పైపెదవి మొద్దుబారింది. ఏం చూసినా నోరూరదు. నాలుగేళ్లకు అది ఊపిరితిత్తుల్లో తేలింది. ఇక చేసేదేమీ లేదన్నప్పుడూ ఆయన తలే ఊపాడు.

మంచాన పడి పోవడం మాత్రం వద్దనుకున్నాడు. పనికి వెళ్లనిమ్మని భార్యను అడిగాడు. ఆవిడ ఒప్పుకుంది గాని షరతు పెట్టింది: పొద్దున్నే తాను దారం ఎక్కించి ఇచ్చిన సూదులన్నీ సాయంత్రానికి ఖాళీగా రావాలి, ఒక్కటి మిగిలినా మర్నాటి నుంచి ఇల్లు కదలకూడదు. మొదట్లో ఇరవై ఇచ్చేది. తరువాత పన్నెండు, ఆపైన ఎనిమిది. తగ్గాయని ఆయన అనలేదు, తగ్గించానని ఆవిడా చెప్పలేదు.

ఇవాళ అయిదే. అయిదో కొసను నోట తడుపుతూ, "ఊరందరి చొక్కాలకీ ఇన్నాళ్లూ మీ ఎంగిలి, ఇప్పుడు నాది. తెలిస్తే తంతారు," అంది.

"ఉతుక్కుంటారులే," అన్నాడు ముక్కుతో.

దుకాణంలో కోటు పని. నాలుగు కాజాలయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఊపిరి అందక కాసేపు గోడకు తల ఆనించాడు. కునుకు తీస్తున్నాడనుకున్నాడు యజమాని. కోటు కోసం రెండుసార్లు పిలిచి, వచ్చి భుజం తట్టాడు. అప్పటికే ఒళ్లు చల్లబడింది.

ఆయనతో పాటు ఆయన సూదుల దిండునూ యజమానే ఇంటికి తెచ్చాడు. భార్య దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఏడుపు రాలేదు.

"నాలుగే ఇవ్వాల్సింది," అంది.

దిండుకు గుచ్చిన అయిదో సూదికి, పొద్దున ఆవిడ ఎక్కించిన దారం అలాగే వేలాడుతోంది.