అరవై దాటకుండా

బావమరిది ఆ కారు కొన్న రోజే మా ఆవిడ మొహం ముడుచుకుంది. రెండే తలుపులు, నేలకు రాసుకునే పొట్ట, తొక్కితే ఉరికే టర్బో ఇంజను. "చెప్పులో కాలు దూర్చినట్టు దూరాలేమిట్రా ఇందులో!" అన్నారు మా అత్తగారు.

కొన్నాళ్ళకు ఒకరోజు పొద్దున ఆ కారు మా ఇంటి ముందున్న నా షెడ్డుకే వచ్చింది. స్పీడు ముల్లు పక్కన ఇంజను బొమ్మ పసుప్పచ్చగా వెలుగుతోంది.

"రెండు చోట్ల చూపించాను బావా. కోడ్ మూడో సిలిండర్ అంటోంది. కాయిల్ మార్చారు, మళ్ళీ మార్చారు. ఈ లైటు మాత్రం ఆరి చావదు."

స్కానర్ తగిలించి చూశాను. మూడో సిలిండర్లో మిస్‌ఫైర్ అనే చెప్పింది. అంటే అక్కడ పెట్రోలు సరిగా అంటుకోవడం లేదు. కోడ్ నొప్పి ఎక్కడో చెబుతుంది, ఎందుకో చెప్పదు. కడుపునొప్పి అన్నవాడికి వైద్యుడు కడుపు మార్చడు కదా. అందుకని కొత్తదేదీ బిగించకుండా, నిప్పురవ్వకు కరెంటందించే ఆ మూడో కాయిల్ని ఒకటో సిలిండర్‌కి, ఒకటోదాన్ని మూడోదానికి మార్చాను. తప్పు కాయిల్‌దైతే ఫిర్యాదు దానితోపాటే ఒకటికి పోతుంది. తేలాలంటే బండి మళ్ళీ మొరాయించాలి. షెడ్డులో నిలబెడితే అది ఆవు నెమరేసినట్టు హాయిగా ఆడుతోంది.

"నూటయాభై దాటితేనే కొట్టుకుంటుంది బావా. హైవే ఎక్కి ఒక్కసారి తొక్కు. అక్కకి చెప్పన్లే."

అదే చిక్కు. మా ఆవిడ మేనమామ కూడా మెకానిక్కే. బాగుచేసిన బండిని జోరుగా తోలి పరీక్షించబోయి, ఆ వేగంలోనే పోయాడు. పెళ్ళైన కొత్తలో దేవుడి ముందు నా చేత మాట తీసుకుంది, ఎవరి బండైనా సరే, పరీక్షకని అరవై దాటనని. నా దగ్గరికి వచ్చేవి వ్యాన్లూ పాత కార్లూ కాబట్టి ఆ మాటకు ఇన్నాళ్ళూ కష్టం రాలేదు.

"పోనీ నేను తోల్తా, నువ్వు పక్కన కూర్చో. నువ్వు దాటినట్టు కాదుగా!"

"దేవుడు ఎవరు ఏ సీట్లో కూర్చున్నారని చూస్తాడంటావా?" అన్నాను. వాడు తల గోక్కున్నాడు.

చేతులు కడుక్కుంటూ ఆలోచించాను. నూటయాభై అన్నది మన లెక్క. ఇంజనుకు రోడ్డు కనిపించదు, దానికి తెలిసింది మోసే భారమే. మా వీధి వెనక నీళ్ళ ట్యాంకుకు ఎక్కే మెట్టదారి ఉంది. పెద్ద గేరులో పెట్టి ఆ ఎత్తుకు తొక్కితే భారం అంతా పడుతుంది. కారు నిండా మనుషులుంటే వేగమూ పెరగదు.

లోపలికెళ్ళి మా ఆవిడకు దాచకుండా చెప్పాను. మడతపెడుతున్న బట్టలు పక్కన పెట్టింది.

"అయితే నా బరువు కావాలంటారు."

"మీ అమ్మగారిది కూడా."

"ఇన్నాళ్ళకి నా ఒళ్ళు అల్లుడికి అక్కరకొచ్చిందే!" అంటూ అత్తగారు చెప్పులు వెతుక్కున్నారు. వెనక సీట్లో ఆవిడను కూర్చోబెట్టామనడం కంటే కుక్కామనడం నిజం. ఆ పక్కన మోకాళ్ళు గడ్డానికి తగిలేలా బావమరిది. స్కానర్ మా ఆవిడ ఒళ్ళో పెట్టి, ఏ సిలిండర్ ఎన్నిసార్లు తప్పిందో చూపే అంకెలు ఎక్కడుంటాయో చెప్పాను.

మెట్టదారిలో నాలుగో గేరులో నిండా తొక్కాను. కారు వణికింది. పసుపు లైటు వెలిగి ఆరుతూ కొట్టుకుంది.

"మూడో దాని కింద అంకె పెరుగుతోంది! ఒకటి దగ్గర సున్నాయే!" అని అరిచింది మా ఆవిడ. మరుక్షణమే ముల్లు వైపు వంగింది. "యాభై."

"అల్లుడుగారూ, దిగొచ్చా? నడుము పట్టేసింది" అన్నారు వెనక నుంచి.

కాయిల్ మారినా ఫిర్యాదు మూడు దగ్గరే ఉంది. పాపం, కాయిల్ తప్పేమీ లేదు. షెడ్డుకొచ్చి స్పార్క్ ప్లగ్ విప్పితే, తెల్లటి పింగాణీ మీద వెంట్రుకంత చీలిక. భారం పడ్డప్పుడల్లా నిప్పురవ్వ అందులోంచి జారిపోతోంది. నాలుగు ప్లగ్గులూ మార్చి, కోడ్ చెరిపి, మళ్ళీ మెట్టెక్కాం. ఈసారి అత్తగారు పిలవకుండానే వచ్చి కూర్చున్నారు. లైటు వెలగలేదు.

బావమరిది లోపల టీ తాగుతుంటే మా ఆవిడ షెడ్డులోకి వచ్చింది.

"ఇప్పుడిది వాడు ఎంత తొక్కితే అంత పోతుందా?"

"పోతుంది."

"కాస్త తక్కువ పోయేలా చేసివ్వలేరా? వాడికి తెలియకుండా."

పాత ప్లగ్ ఇంకా బల్ల మీదే ఉంది. తిరిగి బిగిస్తే చాలు. ఆమె తీసుకున్న మాట నా కాలికి. నా చేతులు బాగుచేసిన బండ్లను తొక్కే కాళ్ళ సంగతేమిటి? ఆ పాపమో పుణ్యమో ఎవరి ఖాతాలో పడుతుంది? నాకు తెలియలేదు.

"చెయ్యొచ్చు. కానీ వాడు లారీని దాటబోయే సమయానికి బండి చచ్చుబడితే?"

ఆమె కారు వైపు చూసింది.

"అడగాల్సింది నన్ను కాదు, వాణ్ణి" అన్నాను.

ఆమె లోపలికి నడిచింది. వెనకే వెళ్ళాను. తమ్ముడి ఎదురుగా కూర్చుని, అక్కడున్న కారు తాళాలు తన వైపు జరుపుకుంది. వాడికే అర్థమైంది.

"ఒట్టు వెయ్యమంటావా అక్కా?"

"వద్దు. ఒట్టేసినవాళ్ళు మెట్టెక్కైనా దారి వెతుక్కుంటారు, మీ బావని చూశాంగా." నవ్వబోయి ఆగింది. "నాకు భయంరా. మామయ్యను తీసుకొచ్చినప్పుడు నేను వాకిట్లోనే ఉన్నాను. అంతే."

వాడు జోకేదో వెయ్యబోయి మానుకున్నాడు. "ఇల్లు చేరగానే ఫోన్ చేస్తా" అని తాళాలు తీసుకున్నాడు.

వాడి ఇల్లు ఊరికి అవతలి చివర. చేరవలసిన వేళ దాటినా ఫోన్ రాలేదు. ఆమె వంటింట్లోకీ వాకిట్లోకీ తిరిగింది. నేను దేవుడి గదిలో కూర్చున్నాను కానీ మనసు నిలవలేదు. బాగా చేశానా అని అడగాలో, వాణ్ణి కాపాడమనాలో తేలలేదు.

చివరికి ఫోన్ మోగింది.

"ఏంట్రా ఇంతసేపు?"

"నిదానంగా వచ్చానే. వెనక లారీవాడు జరగమని హారన్ కూడా కొట్టాడు, పరువు పోయింది!"

ఆమె నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. రేపు కూడా ఇలాగే వెళ్తాడా అని నన్ను అడగలేదు. అడిగితే ఏం చెప్పాలా అని నేను ఆలోచిస్తూ కూర్చున్నాను.