అరువు గొంతు

నేను ఒక గొంతును. తల్లి కడుపున పుట్టిన గొంతును కాదు, కర్మాగారంలో బల్ల మీద మరలు బిగిస్తే తయారైనదాన్ని. చూడ్డానికి చిన్న టార్చిలైటులా ఉంటాను. కొసన గుండ్రటి బిళ్ల, పక్కన ఒక మీట, కడుపులో బ్యాటరీ. క్యాన్సర్ వచ్చి స్వరపేటిక తీసేసిన మనుషులు నన్ను మెడకు ఆనించి మీట నొక్కుతారు. బిళ్ల కొట్టుకుని రొద పుడుతుంది. ఆ రొద చర్మం దాటి నోట్లోకి పోతుంది. నాలుకా పెదవులూ కదిపి దాన్ని మాటలుగా మలుచుకోవడం వాళ్ల పని.

ఎవరో దాత నన్ను కొని కాకినాడలోని ఒక ఆసుపత్రికి ఇచ్చాడు. అక్కడి నుంచి మొదట నేను చేరింది గరికిన పోలయ్య చేతికి. చేపల రేవులో వేలం పాట పాడిన మనిషి. ఆయన అరిస్తే రేవు ఆ చివర ఉన్నవాళ్లు కూడా తల తిప్పేవారట. ఇంటికి వెళ్లగానే నన్ను మెడకు పెట్టుకుని భార్యను పేరు పెట్టి పిలిచాడు. నూకాలమ్మకు ఆపుకోలేని నవ్వొచ్చింది. నవ్వినందుకు వెంటనే ఏడుపూ వచ్చింది. పోలయ్య ఆ రెండూ చూశాడు. నన్ను గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. మళ్లీ దించలేదు.

ఆయన పోయాక నూకాలమ్మ నన్ను ఆసుపత్రికి తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇంకెవరికైనా ఇయ్యండమ్మా. మా ఆయన మాటాడకుండానే పోయాడు. నేను నవ్వకుండా ఉంటే బాగుండేది" అంది.

ఆ తర్వాత నేను త్రినాథ్ చేతికి వచ్చాను.

కొల్లు త్రినాథ్ ఆర్టీసీలో కండక్టరు. కాకినాడ నుంచి సామర్లకోట, పెద్దాపురం వెళ్లే బస్సుల్లో సగం జీవితం నిలబడే గడిపాడు. పెళ్లి చేసుకోలేదు. గొంతు తీసేశాక ఉద్యోగం వదిలేసి తమ్ముడి ఇంట్లో మేడ మీద గదిలో ఉంటున్నాడు. తమ్ముడు సత్తిబాబు చెడ్డవాడు కాదు. కానీ అన్న నన్ను చేతిలోకి తీసుకోగానే, "ఎందుకన్నయ్యా శ్రమ, రాసి చూపిచ్చేయ్" అనేవాడు. అందులో జాలి ఎంత ఉందో, నన్ను వినలేని విసుగూ అంతే ఉండేది. పిల్లలైతే నా రొద వినగానే కిందికి పరుగు తీసేవారు. మెడ మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి పెట్టిన రంధ్రాన్ని చూసి మరదలు మంగతాయారు కంచం గుమ్మం దగ్గరే పెట్టి వెళ్లేది.

అందుకని త్రినాథ్ నన్ను కిటికీలో పెట్టి, ఫోన్ పట్టుకున్నాడు. ఫేస్‌బుక్‌లో 'కాకినాడ కబుర్లు' అని ఒక గ్రూపు కనిపించింది. ఊరివాళ్లు కరెంటు పోయిందనీ, కాజాలు ఎక్కడ బాగుంటాయనీ రాసుకుంటున్నారు. త్రినాథ్ తన బస్సు కథలు రాయడం మొదలుపెట్టాడు. ఒకాయన కోడిపుంజును చంకలో పెట్టుకుని ఎక్కి, ఇది పందెంలో గెలిచిన పుంజు, దీనికి టికెట్ ఏంటి, దండ వేయాలి గానీ అని వాదించిన కథ రాసిన రోజు గ్రూపంతా పగలబడి నవ్వింది. కిటికీలో నుంచి నేను ఆయన భుజాలు కదలడం చూశాను. శబ్దం లేకుండా ఆయన కూడా నవ్వుతున్నాడు.

గ్రూపు నడిపేది రెహానా. ఇంట్లో కేకులు చేసి అమ్ముతుంది. భర్త పోయాక ఇంట్లో మాట వినపడక, గోడలతో మాట్లాడలేక ఈ గ్రూపు పెట్టానని ఆవిడే ఒకసారి రాసింది. నెలకో ఆదివారం సాయంత్రం బోట్ క్లబ్ దగ్గర అందరూ కలుస్తున్నారు. ప్రతిసారీ త్రినాథ్‌ను పిలిచేది. ఆయన ప్రతిసారీ ఏదో సాకు రాసేవాడు. ఒకసారి జ్వరం, ఒకసారి ఊళ్లో లేను. గ్రూపులో ఆయన బొమ్మ యూనిఫాం వేసుకుని నవ్వుతున్న పాత ఫోటో. గొంతు సంగతి ఎవరికీ చెప్పలేదు. అక్కడొక్కచోటే ఆయన ఇంకా పాత త్రినాథ్.

కానీ మనిషికి చదివి నవ్వేవాళ్లు సరిపోరు, ఎదురుగా కూర్చుని నవ్వేవాళ్లు కావాలి. ఒక ఆదివారం త్రినాథ్ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడకు పలచటి రుమాలు కట్టుకుని నన్ను జేబులో వేసుకున్నాడు.

బోట్ క్లబ్ దగ్గర పదిహేను మంది దాకా ఉన్నారు. లోవరాజు అనే కుర్రాడు, సెల్‌ఫోన్ షాపులో పనిచేస్తాడు, ఆయన్ను ముందుగా గుర్తుపట్టి కేకేశాడు. "అదిగో త్రినాథ్ గారండీ! ఏటండీ బాబూ, ఇన్నాళ్లకి దొరికారు! చెప్పండి, ఆ కోడిపుంజుకి ఆఖరికి టికెట్ కొట్టారా లేదా?" అంటూ ఫోన్ పైకెత్తి వీడియో తీయడం మొదలుపెట్టాడు.

త్రినాథ్ రుమాలు కాస్త జరిపి నన్ను మెడకు ఆనించాడు.

"కొట్టాను. హాఫ్ టికెట్టు" అన్నాం మేమిద్దరం.

ఎవరూ నవ్వలేదు. ఒకావిడ చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో వెనకనుంచి "రోబో లాగుంది కదరా" అన్నారు. ఆ మాటకు ఇద్దరు ముగ్గురు నవ్వారు. త్రినాథ్ ఎదురుచూసిన నవ్వు అది కాదు. రెహానా గబగబా కుర్చీ జరిపి "కూచోండి, టీ తాగండి" అంది. ఆయన కూర్చున్నాడు, టీ తాగాడు, నన్ను మళ్లీ బయటికి తీయలేదు.

లోవరాజు ఆ వీడియోను 'మన రోబో కండక్టర్ గారు' అని రాసి గ్రూపులో పెట్టాడు. ప్రేమగానే పెట్టాడని ఇప్పటికీ నమ్ముతాను. రెహానా చూసి తీయించేలోపే ఇంకెవరో దాన్ని తమ పేజీలోకి లాగేశారు. కింద సినిమా సంగీతం కలిపారు. ఎక్కడెక్కడివాళ్లో నవ్వు బొమ్మలు గుమ్మరించారు. మంగతాయారు పుట్టింటివాళ్లు కూడా చూశారట. "ఇంట్లో కూచోక ఎందుకండీ ఈ తిరుగుళ్లు? పరువు పోతంది" అని ఆవిడ మెట్ల దగ్గర నిలబడి మొగుడికి చెబుతున్నట్టు పైకి వినపడేలా అంది.

త్రినాథ్ గ్రూపు నుంచి బయటికి వచ్చేశాడు. నా బ్యాటరీ ఊడదీసి ఒకచోట, నన్ను ఒకచోట పెట్టాడు. పోలయ్య అటక నాకు గుర్తొచ్చింది.

ఆయన ఇల్లు ఎవరికీ తెలియదు. రెహానా డిపోకి వెళ్లి అడిగి తెలుసుకుంది. ఆదివారం లోవరాజును వెంటబెట్టుకుని మేడ మెట్లెక్కింది. లోవరాజు గుమ్మంలోనే ఆగిపోయాడు. "నేనే తీశానండి. కావాలని కాదండి, అసలు నాకు..." అని ఆపేశాడు.

త్రినాథ్ ఫోన్ తీసి ఏదో కొట్టి రెహానా వైపు తిప్పాడు. వెళ్లిపొమ్మని రాశాడు.

రెహానా చదివింది. అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. "రాస్తే నేను ఒప్పుకోను. మీరు నోటితో చెబితే వెళ్తాం" అంది.

త్రినాథ్ విసురుగా లేచి, బ్యాటరీ వెతికి నా కడుపులో దూర్చి, మెడకు గట్టిగా నొక్కాడు. "వెళ్లిపోండి."

లోవరాజు ఉలిక్కిపడ్డాడు. రెహానా లేచి నిలబడి, "సరే. వచ్చే ఆదివారం వస్తాం. అప్పుడూ ఇలాగే చెప్పండి" అంది.

తర్వాతి ఆదివారం ఆ మాట చెప్పడానికి త్రినాథ్ పొద్దున్నే బ్యాటరీ వేసి సిద్ధంగా కూర్చున్నాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే నన్ను మెడకు పెట్టుకున్నాడు. వాళ్లు లోపలికి వచ్చారు, రెహానా చేతిలో కేకు డబ్బా ఉంది. మీట మీది వేలు బిగుసుకుంది, వదులైంది, మళ్లీ బిగుసుకుంది.

"ఆ కేకు ఏంటి?" అన్నాం.

"అరటిపండుది అన్నయ్యా. మెత్తగా ఉంటుంది, మింగడానికి బాగుంటుంది" అంది రెహానా. ఆ అన్నయ్య అన్న పిలుపు ఆవిడ అనుకోకుండానే వచ్చిందనుకుంటాను.

తర్వాత ఆయన బోట్ క్లబ్‌కు వెళ్లాడు. ఒకసారి కాదు, ఏడాది పైన వెళ్లాడు. నా రొదకు వాళ్ల చెవులు అలవాటుపడ్డాయి. ఎవరైనా కొత్తగా వచ్చి వింతగా చూస్తే పాతవాళ్లు వాళ్లను పట్టించుకోకుండా కథ వినేవారు. పెళ్లిబస్సులో పెళ్లికొడుకునే దించకుండా వెళ్లిపోయిన కథ చెప్పిన సాయంత్రం లోవరాజు నవ్వి నవ్వి నేల మీద కూర్చుండిపోయాడు. నా ఉద్యోగంలో నాకు దక్కిన మంచి రోజులు అవే.

కీడు ముందు తెలిసింది నాకే. రోజూ నేను ఆనుకునే చోట మెడ గట్టిపడింది. రొద లోపలికి పోవడం మానేసి బయటే తిరుగుతోంది. త్రినాథ్ నన్ను కొంచెం పైకి జరిపాడు, ఇంకొంచెం పక్కకు జరిపాడు. చివరికి దవడ మీద పెట్టుకుని మాట్లాడాడు. గడ్డ తిరగబెట్టిందని డాక్టరు చెప్పేసరికి చెంప తప్ప నాకు చోటు లేదు. ఈసారి ఆపరేషన్‌కు వీల్లేదన్నారు.

ఆసుపత్రికి సత్తిబాబు పొద్దున వచ్చి సంతకాలు పెట్టి పనికి వెళ్లిపోయేవాడు. మిగతా పొద్దంతా గ్రూపువాళ్లు వంతులు వేసుకున్నారు. మొదట్లో చాలామంది వచ్చారు. గడ్డ పుండై వాసన మొదలయ్యాక తగ్గారు. వాళ్లను తప్పుపట్టను. ఆ వాసన పక్కన కూర్చోవడం తేలిక కాదు. చివరి వారాల్లో మిగిలింది రెహానా, లోవరాజు.

ఒక మధ్యాహ్నం త్రినాథ్ నన్ను ఎత్తలేకపోయాడు. లోవరాజు నన్ను తీసుకుని ఆయన చెంపకు ఆనించి మీట నొక్కాడు. పెదవులు మెల్లగా కదిలాయి.

"నా పాత గొంతు ఎలా ఉండేదో ఎప్పుడూ అడగలేదేం?"

"ఎలా ఉండేదండి?" అన్నాడు లోవరాజు.

త్రినాథ్ కళ్లు మూసుకుని ఆలోచించాడు. లోవరాజు మీట వదల్లేదు. మాట లేని నా రొద అలా మోగుతూనే ఉంది.

"నాకూ గుర్తులేదురా" అన్నాడు.

నేను పలికిన ఆయన ఆఖరి మాట అదే.

అన్న పోయిన సంగతి సత్తిబాబు గ్రూపుకు చెప్పలేదు. చెప్పాలని ఆయనకు తోచి ఉండదు. ఆసుపత్రికి వచ్చి ఖాళీ మంచం చూసి రెహానా తెలుసుకుంది. వాళ్లు ఇంటికి వచ్చేసరికి పాడె కడుతున్నారు. గేటు దగ్గర ఎవరో బంధువు ఆపాడు. "మీరెవరండీ?"

"స్నేహితులమండి. ఫేస్‌బుక్ గ్రూపులో..." అన్నాడు లోవరాజు.

"ఫోన్‌లో స్నేహితులా?" అని ఆయన వాళ్లను ఎగాదిగా చూశాడు. "చుట్టాలందరూ అయ్యాక చూద్దురుగానీ, అలా పక్కన ఉండండి."

చుట్టాలందరూ అయ్యేసరికి పాడె లేచింది. వాళ్లు రోడ్డుకు అటువైపు, ఆపి ఉంచిన బళ్ల పక్కన నిలబడి చూశారు. ఇదంతా నేను మేడ మీద కిటికీలో నుంచి చూశాను. ఆసుపత్రి నుంచి తెచ్చిన సంచీని, అందులో ఉన్న నాతో సహా, మంగతాయారు తిన్నగా అక్కడ పెట్టింది. లోవరాజు చెప్పులు విప్పి చేతులు జోడించాడు. రెహానా కొంగు తల మీదికి లాక్కుంది.

గ్రూపులో ఆ రోజు వందల మంది ఓం శాంతి అని రాశారట. తర్వాతి ఆదివారం బోట్ క్లబ్‌కు అయిదారుగురు వచ్చారు. ఆ పై నెల ఇద్దరే వచ్చారు. ఇప్పుడు ఆ గ్రూపు నిండా అద్దె ఇళ్ల ప్రకటనలేనని తర్వాత లోవరాజు రెహానాతో చెబుతుంటే విన్నాను.

తమ్ముడి పిల్లలకు నేను ఆటబొమ్మనయ్యాను. ఒకప్పుడు నన్ను చూసి పారిపోయినవాళ్లే మెడకు పెట్టుకుని పెదనాన్న ఆట ఆడుకునేవారు. మంగతాయారు ఒకరోజు ఇద్దరి వీపులూ వాయించి, నన్ను లాక్కుని కాసేపు అలాగే చేతిలో పట్టుకుంది. సాయంత్రం రెహానాకు కబురు పెట్టింది. "తీసుకుపొండమ్మా. బావగారు బతికుండగా కంచం కూడా లోపల పెట్టలేదు నేను" అని మొహం తిప్పుకుంది.

రెహానా నన్ను ఆసుపత్రికి తెచ్చింది. వార్డులో సింహాచలం అనే ఆవిడ ఉంది. రొయ్యల షెడ్డులో పనిచేసేది. గొంతు ఆపరేషన్ అయ్యి, కుట్లు మాని కొద్ది రోజులే అయింది. చూడ్డానికి ఎవరూ వస్తున్నట్టు లేదు. ఎలా వాడాలో చెప్పే మేడమ్ ఆ రోజు సెలవు. "నేను చూపిస్తాను, నాకు తెలుసు" అంది రెహానా.

మంచం పక్కన కూర్చుని నన్ను సింహాచలం మెడకు ఆనించింది. "ఇక్కడ పెట్టుకోవాలి పిన్నీ. మీట నొక్కి, మామూలుగా మాట్లాడినట్టు పెదాలు కదపండి. గాలి ఊదకూడదు."

ఆవిడ భయంగా నొక్కింది. నేను మోగాను. పెదవులు కదిలాయి, మాట రాలేదు. మళ్లీ నొక్కింది. "అమ్మా" అన్న మాట బయటికి వచ్చింది.

రెహానా చేయి ఆగిపోయింది. ఎవరి మెడ మీదున్నా నా శ్రుతి మారదు. పుట్టుకతో వచ్చిన త్రినాథ్ గొంతును రెహానా ఎన్నడూ వినలేదు. ఆవిడకు తెలిసిన త్రినాథ్ గొంతు నేనే. కళ్లలో నీళ్లు తిరిగి చెంపల మీదికి జారాయి. తుడుచుకోలేదు.

సింహాచలం కంగారుగా చూసింది. తన చేత్తోనే నన్ను సరిచేసుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుని అడిగింది. "ఎందుకమ్మా... ఏడుస్తన్నావు?"

రెహానా నన్ను ఆవిడ మెడ మీద ఇంకాస్త నొక్కి పట్టుకుంది.

"ఇంకోసారి అనండి పిన్నీ" అంది.