కాజాలక్క వేళ్ళు

నీళ్ళు ఎంత కాగాయో వేలితో చూసుకునే అలవాటు ఆమెకి పోయి చాలా రోజులైంది. ఇప్పుడు రెండు చేతులూ మణికట్ల దాకా గిన్నెలో ముంచేసి, ఓర్చుకోగలిగినంత సేపు ఓర్చుకుని, ఆ తర్వాత ఇంకాసేపు ఓర్చుకుంటుంది. పొద్దున లేచేసరికి వేళ్ళు కర్రముక్కల్లా బిగుసుకుని ఉంటాయి. పిడికిలి మూసుకోదు. గ్లాసు ఎత్తాలంటే రెండు అరచేతుల మధ్య ఇరికించుకోవాలి. వేన్నీళ్ళలో పావుగంట నానితే గానీ అవి ఆమె మాట వినవు. వినడమూ అంతంత మాత్రమే.

ఆ తర్వాత భర్త వచ్చి వెనక నిలబడతాడు. ఆమె జాకెట్టుకి వీపు మీద ఐదు బొత్తాలు. ఆయన సరుకుల వ్యాను తోలే మనిషి. స్టీరింగుకి అలవాటుపడ్డ ఆ చేతులకి చిన్న బొత్తాలు ఓ పట్టాన చిక్కవు. మొదటి కాజాలో రెండో బొత్తాం దూర్చి, చివరికి ఒకటి మిగిలిపోయిందేమిటా అని ఆశ్చర్యపోవడం ఆయనకి రోజూ ఉన్నదే.

“ఊళ్ళో వాళ్ళందరికీ కాజాలు కుట్టే మనిషివి. నీ బొత్తాలకి నేను దిక్కయ్యాను చూడు,” అన్నాడు.

“ముందు సరిగ్గా పెట్టండి. గొప్పలు తర్వాత పోదురు గాని.”

ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వింది గానీ, ఈ మాటలు అనుకోవడం మొదలుపెట్టి ఏడాది దాటిందన్న సంగతి ఇద్దరికీ గుర్తే.

పద్నాలుగు నెలల కిందట ఆ వీధి వీధంతా మంచాన పడింది. దోమలవల్ల వచ్చిందనీ, చికున్‌గున్యా అనీ చెప్పారు. వారం పది రోజుల్లో అందరూ లేచి తిరిగారు. పక్కింటి ముసలాయన, ఎనభై దాటినవాడు, నెల తిరక్కుండానే సైకిలెక్కాడు. ఆమెకీ జ్వరం నాలుగో రోజునే దిగింది. నొప్పులు మాత్రం అద్దెకి దిగిన మొండివాళ్ళలా వేళ్ళల్లో, మణికట్లలో, చీలమండల్లో కాపురం పెట్టేశాయి.

“జ్వరం పోయిందమ్మా, దాని తాలూకు నొప్పి ఉండిపోయింది,” అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. “కొందరికి నెలల్లో పోతుంది. కొందరికి ఏళ్ళు పడుతుంది.”

“నాకెప్పుడు పోతుందండీ?”

ఆయన మాత్రలు రాసిచ్చాడు. అవి వేసుకుంటే కడుపులో మంట, వేసుకోకపోతే చేతుల్లో మంట. చూపించుకోవడానికి ఒక గాయం లేదు, కట్టు లేదు. కనబడ్డవాళ్ళంతా “బాగానే ఉన్నావే” అంటారు. ఆ మాట వినడం కంటే నొప్పే నయమనిపిస్తుంది ఆమెకి.

ఆమె పనిచేసే దర్జీ కొట్టు మేడమీద. పదకొండు మెట్లు. ఒకప్పుడు గబగబా ఎక్కేసేది. ఇప్పుడు కమ్మీ పట్టుకుని, పక్కవాటుగా, మెట్టు మెట్టుకీ రెండు పాదాలూ చేర్చుకుంటూ ఎక్కుతోంది.

“నిన్నటి మీద రెండు నిమిషాలు ముందొచ్చావక్కా. ఇట్లా అయితే పందేనికి పోవచ్చు,” అన్నాడు మిషను మీద కూర్చున్న తమ్ముడు. సొంత తమ్ముడు కాదు. పన్నెండేళ్ళుగా ఎదురెదురుగా కూర్చుని కుడుతున్నారు కాబట్టి తమ్ముడు.

“నువ్వు ముందు ఆ జేబు తిన్నగా కుట్టు నాయనా,” అని ఆమె కిటికీ పక్కన తన పీట మీద మెల్లగా కూలబడింది.

ఆ కొట్లో ఆమె పేరు ఎవరికీ అక్కర్లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆమె కాజాలక్క. చొక్కాల కాజాలు సందు చివర కాజాల మిషనుకి వెళ్ళడం మొదలై చాలాకాలమైంది. కోటు కాజా మాత్రం చేత్తోనే పడాలని కొట్టు యజమాని మాస్టరుగారి పట్టుదల. ఆ పట్టుదల మీదే ఆమె పీట ఆ కిటికీ పక్కన నిలిచి ఉంది.

మాస్టరుగారు బూడిదరంగు కోటు ఒకటి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. హైస్కూలు హెడ్మాస్టరుగారిది. ఎల్లుండి ఆయన పదవీ విరమణ సభ. బట్ట ఆయనే ఎక్కణ్ణుంచో తెచ్చుకున్నాడు. కత్తిరించగా జానెడు ముక్క కూడా మిగల్లేదు.

“మూడు కాజాలు చెల్లెమ్మా. నీవల్ల అవుతుందా? మొహమాటం లేకుండా చెప్పు.” ఆయన ఆమె మొహం వంక చూడకుండా చేతుల వంక చూశాడు. “కిందటి నెల రెండు కోట్లు తిరిగొచ్చాయి. ఇంకోటి వస్తే నేను కూడా మిషనుకే పంపాలి.”

“అవుతుందండీ,” అంది.

అవ్వకపోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఆ చేతులతో ఇంట్లో కూరగాయ తరగలేదు, గుడ్డ పిండలేదు. ఇక్కడ కూడా పనికిరాకపోతే ఆమె ఎక్కడా పనికిరానట్టే. ఆ భయం రాత్రింబవళ్ళు ఆమెతోనే ఉంటోంది.

కాజాకి ముందు బట్టని చీల్చాలి. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, చీల్చింది మళ్ళీ కలవదు. మాస్టరుగారు కోటు రెండు ముందు భాగాల మీదా ఒకేలాంటి సుద్దగీతలు గీస్తాడు. మగవాళ్ళ కోటుకి ఎడమ వైపు కాజాలు, కుడి వైపు బొత్తాలు. ఇది ఆమెకి ఒకరు చెప్పాలా? కాలరు ఎడమ మోకాలి మీదికి వచ్చేలా కోటు పరుచుకుంటే, తన వైపుకి వచ్చే అంచే కాజాల అంచు. ఇరవై రెండేళ్ళలో కళ్ళు వెతికింది లేదు, చేతులే వెతుక్కునేవి.

ఇవాళ కుడి మణికట్టు కత్తెర పట్టనివ్వలేదు. రెండుసార్లు పట్టుకుంది, రెండుసార్లూ జారిపోయింది. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తమ్ముడు చూస్తాడేమోనని కిటికీ వైపు తిరిగింది. వారం రోజులుగా ఇంట్లో పాత గుడ్డల మీద ఎడమచేత్తో కత్తిరించడం నేర్చుకుంటోంది, ఎవరికీ చెప్పకుండా. కోటుని తిప్పి, ఎడమచేతికి వీలుగా కాలరుని కుడి మోకాలి మీదికి లాక్కుంది. అంచు తన వైపుకి వచ్చింది. ఊపిరి బిగబట్టి మూడు గీతలూ చీల్చింది. మూడూ తిన్నగా తెగాయి.

తర్వాత దారానికి మైనం రాసింది. సూది ఎక్కించడానికి తమ్ముణ్ణి పిలవాల్సి వచ్చింది. సూదిని వేళ్ళతో లాగలేక పళ్ళతో లాగింది. ఒక్కో పోటుకీ దారాన్ని మెలివేసి, ముడి సరిగ్గా అంచు మీద కూర్చునేలా బిగించాలి. కాజాకి యాభై పోట్లు. ఒకప్పుడు పావుగంట పని. ఇప్పుడు గోడ గడియారంలో గంట దాటింది. మధ్యలో రెండుసార్లు చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుంది. కానీ పై కాజా పూర్తయింది. ముడి పక్కన ముడి, ఎక్కడా ఎత్తుపల్లం లేకుండా. జ్వరం వచ్చాక ఇంత మంచి కాజా ఆమె చేతిమీదుగా పడలేదు. చిన్నపిల్లకి వచ్చినంత సంతోషం వచ్చింది ఆమెకి.

“మాస్టరుగారూ, ఒకసారి చూస్తారా,” అని పిలిచింది. ఇలా పిలిచి చూపించడం ఆమెకి అలవాటు లేదు.

ఆయన కళ్ళజోడు సర్దుకుని వెలుగులోకి పట్టుకున్నాడు. బొటనవేలితో తడిమాడు. “అబ్బ,” అన్నాడు. “పాత చెయ్యి మళ్ళీ వచ్చింది చెల్లెమ్మా.”

కోటుని అటూ ఇటూ తిప్పాడు. తీసుకెళ్ళి మూల ఉన్న కొయ్యబొమ్మకి తొడిగాడు. ముందు భాగాలు రెండూ దగ్గరికి లాగి, అలాగే పట్టుకుని నిలబడ్డాడు. మిషను ఆగింది.

“ఇది ఏ వైపు?” అన్నాడు, అడుగుతున్నట్టు కూడా కాదు.

ఆమె చూసింది. కుడి. కాలరుని అటు తిప్పుకున్నప్పుడు తన వైపుకి వచ్చే అంచు కూడా మారిపోయింది.

“రఫూ చేస్తానండీ. చీలికలు కనబడకుండా దారంతో అల్లేస్తాను. ఇంటికి పట్టుకెళ్ళి, పొద్దుటికల్లా...”

“ఆ వేళ్ళతో రఫూనా?”

ఆయన కసిరి ఉంటే బాగుండేది. ఆయన గొంతులో కోపం లేదు, జాలి ఉంది.

మాస్టరుగారు తమ్ముణ్ణి బట్టల కొట్లకి పంపాడు, అదే రంగు దొరుకుతుందేమో చూడమని. అతను వెళుతూ ఆమె చేతిసంచీ తీసి పీట మీద, ఆమెకి అందేలా పెట్టాడు.

“రేపు రావద్దులే. విశ్రాంతి తీసుకో,” అన్నాడు మాస్టరుగారు మెడలోని టేపు సర్దుకుంటూ.

“ఎల్లుండి రమ్మంటారా?”

“కబురు చేస్తాను.”

ఇంకా పట్టపగలే. కిందికి దిగడం ఎక్కడం కంటే కష్టం, చీలమండల మీద బరువంతా పడుతుంది. సంచీ మోచేతికి తగిలించుకుని గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది, కాళ్ళు కూడదీసుకోవడానికి. వెనక్కి చూడకూడదనుకుంటూనే చూసింది.

మూల కొయ్యబొమ్మ మీద హెడ్మాస్టరుగారి కోటు తెరుచుకుని ఉంది, కుడి అంచున మూడు చీలికలు, కింది రెండూ నోళ్ళు తెరుచుకుని, పైదాని చుట్టూ యాభై ముడులు, ఒక్కటీ వంకర లేకుండా.