మన భాష రాని హోటలు

రేవులో దిగిన నావికుడు నోరు తెరిస్తే చాలు, టాక్సీని తీసుకెళ్లి వాడి దేశపు హోటలు ముందు ఆపుతాను. ఈ విద్యలో నన్ను మించినవాడు లేడని నా పొగరు. ఆరోజు ఎక్కిన ముసలాయన మాత్రం వాళ్ల దేశపు హోటలు ముందు ఆపినా దిగలేదు. వేపుడు వాసనకు ముఖం తిప్పుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఇంతకంటే మంచి చోటుంటే చూపించండి చూద్దాం!"

"వద్దు తమ్ముడూ," అన్నాడు వచ్చీరాని మాటల్లో. "మా ఆవిడ పోయింది. ఓడలో ఉండగా కబురొచ్చింది. నా భాష రాని చోటికి పోనీ."

నా భార్య పోయాక నేనూ మావాళ్ల హోటలు గడప తొక్కలేదు.

"పద అన్నా," అన్నాను.

సందు చివర, మా ఇద్దరికీ ఒక్క ముక్క అర్థంకాని హోటల్లో, గోడమీది బొమ్మలు చూపించి ఏదో తెప్పించుకున్నాం. దేని రుచీ తెలియలేదు. ప్రాణం కాస్త కుదుటపడింది.

అంతలో వంటింట్లోంచి యజమానురాలు వచ్చింది. మేం కెలికి వదిలేసిన కంచాలు చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని, తన భాషలో కసిరింది. ఒక్క మాటా తెలియదు. ఏమంటోందో ఇద్దరికీ తెలుసు: కంచంలో వదిలేస్తే మా ఆవిడలూ ఇలాగే కసిరేవారు.

ముసలాయన చెంచా కింద పెట్టేశాడు. ఊరంతా తిరిగే నాకు, ఆయన్ని తీసుకెళ్లడానికి ఇంకో చోటు తోచలేదు.