తక్కువ సోడియం డబ్బా

మూడో మెట్టు మీద చెల్లి ఆగిపోయింది. గోడ పట్టుకుని నవ్వింది.

"అక్కా, నా కాళ్లని ఎవరో ఎత్తుకెళ్లారు. నీకు కనబడ్డాయా?"

నాకు నవ్వు రాలేదు. మణికట్టు పట్టుకుని చూశాను. నాడి ఒకసారి కొట్టి, మళ్లీ కొట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది.

ఆసుపత్రిలో రక్తం తీశారు, ఆమె ఛాతీకి వైర్లు అతికించారు. కాగితం మీది గీతలు చూసి డాక్టరు ముఖం మారింది.

"రక్తంలో పొటాషియం బాగా పెరిగింది. అసలే దెబ్బతిన్న కిడ్నీలు, బయటికి పంపలేవు. కొత్తగా ఏమైనా తిన్నారా?"

"ఏం తింటానండీ! మా అక్క పెట్టే కూరలే," అంది చెల్లి.

నాకు వంటింట్లో ఉప్పు డబ్బా గుర్తొచ్చింది.

నేను బడికి వెళ్లింది ఐదో తరగతి దాకానే. తర్వాతదంతా పాత పుస్తకాల్లో నేనే చదువుకున్నాను. సోడియం పరమాణువు తన ఎలక్ట్రాన్‌ను ఒకదాన్ని క్లోరిన్‌కు వదిలేస్తుందట. పోగొట్టుకున్నదానికి ధనావేశం, పుచ్చుకున్నదానికి రుణావేశం. ఆ ఆవేశాలే రెండింటినీ పట్టి ఉప్పుగా ఉంచుతాయి. నీళ్లలో పడగానే అయాన్లుగా విడిపోయి ఎవరి దారిన వాళ్లు తిరుగుతారు. ఆ పేజీ తీసినప్పుడల్లా నాకు బెంగ. నాన్న, మావారు, అన్నయ్య అలాగే వెళ్లిపోయారు. మిగిలింది చెల్లి ఒక్కతే.

కిడ్నీలు దెబ్బతిన్నాయని కిందటి నెల ఆమెకు సోడియం తగ్గించమన్నారు డాక్టర్లు. దుకాణంలో తక్కువ సోడియం ఉప్పు దొరికింది. డబ్బా మీద పొటాషియం క్లోరైడ్ అని రాసుంది. పుస్తకం తిరగేశాను. పొటాషియమూ ఒక్క ఎలక్ట్రానే వదులుతుంది, ఆవేశమూ అంతే. ఇంకేం భయం అనుకున్నాను. వద్దంటుందేమోనని చెల్లికి చెప్పకుండా పాత డబ్బాలో పోశాను. రుచి చాలక ఇంకో చెంచా వేసేదాన్ని.

ఇప్పుడు చెబితే చెల్లి నా చేతి ముద్ద ముట్టదు. తన కూతురింటికి వెళ్లిపోతుంది. చెప్పకపోతే?

మంచం పక్కన తెర మీద గుండె గీత పైకి లేవకుండా సాగింది. సాగుతూనే ఉంది.

"నేనే పెట్టానండీ!" అని అరిచాను. "ఉప్పు మార్చాను. పొటాషియం ఉప్పు."

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడు వారాలు. ఆవేశం ఒకటేనని..."

"ఆవేశం ఒకటేనమ్మా. కానీ పొటాషియం గుండె కణాల లోపల ఎక్కువగా, బయట తక్కువగా ఉండాలి. ఆ తేడాతోనే గుండె కొట్టుకునేది. బయట నిండిపోతే ఆగిపోవచ్చు."

నర్సు గుండెకు కాపుగా కాల్షియం, పొటాషియం దిగడానికి గ్లూకోజుతో ఇన్సులిన్ ఎక్కించడం మొదలుపెట్టింది. చెల్లి నావైపు తిరిగింది.

"చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా?"

"మాట్లాడకండమ్మా," అంది నర్సు.

"నేను నోరు మూస్తే, మా అక్క భయంతో నాకంటే ముందు పోతుందమ్మా."

రెండు గంటల తర్వాత మళ్లీ రక్తం తీశారు. ఫలితం వచ్చేదాకా నేను చెల్లి చెయ్యి వదల్లేదు. పొటాషియం తగ్గుతోందని, రాత్రికి ఇక్కడే ఉంచాలని డాక్టరు చెప్పాడు.

"అక్కా."

"ఊఁ."

"ఇంటికెళ్లాక ఉప్పు డబ్బా నా దగ్గరుంటుంది. పుస్తకం నీ దగ్గరుంచుకో."

'ఇంటికెళ్లాక' అంది, కూతురింటికి అనలేదు. తలూపాను. తెర మీద గీత లేచింది. అది మళ్లీ లేవడం కోసం చూస్తున్నాను.