తోక కోసం మచ్చుకత్తి

చచ్చిందనుకుంటున్నాడు, అనుకోనీ, ఆ కళ్ళకు ఎప్పుడేం కనిపించింది గనక, ఎపిఫానియా వంటింటి గుమ్మంలో నిలబడి పెరట్లోకి చూస్తోంది, బొప్పాయి చెట్టు మొదట్లో గుడ్లదొంగ త్లక్వాచే పడి ఉంది, పిల్లి అంత ఒళ్ళు, పంది మూతి, బోడి తోక, నాలుక పక్కకి వేలాడేసి, కుళ్ళు కంపు కొడుతూ, దాని పక్కన మొగుడు, పేరు సిరీలో, చేతిలో కర్ర, పులిని కొట్టినంత గొప్పగా, ఏమే, మచ్చుకత్తి పట్రా, దీని తోక ఎండబెట్టి ఓఫెలియాకి పంపుదాం, అది వేసి కాచిన నీళ్ళు తాగితే కాన్పు సుళువవుతుంది అంటున్నాడు, ఓఫెలియా ఈయనగారి మేనకోడలు, మరి తను ముగ్గుర్ని కన్నప్పుడు ఏ తోక కాచి పోశాడు, మూడుసార్లూ వెరాక్రూజ్‌లో కోడిపందేల దగ్గరే ఉన్నాడు, దొంగ సచ్చినోడు.

కత్తి గూట్లోనే ఉంది, జల్లెడ వెనకాల, చెయ్యి చాస్తే అందుతుంది, చాచలేదు, తను మాత్రం ఎంత తిట్టలేదు ఈ త్లక్వాచేని, గుడ్లు తాగేసి పెంకులు వదిలినప్పుడల్లా నీ కడుపు మండ అని, పోయిన వారం పక్కింటి బ్రిహిదా వాళ్ళ కుక్క దీన్ని కరిచి విదిలించి పారేస్తే ఇలాగే పడి ఉంది, పీడ విరగడైందనుకుని పూడ్చడానికి పార తెచ్చింది తను, అప్పుడు ఒక చెవి కదిలింది, కాసేపటికి రెండోది, లేచి, తననీ పారనీ ఎగాదిగా చూసి, తీరుబడిగా గోడెక్కి పోయింది, ఏం పొగరమ్మా దీనికి, నవ్వొచ్చింది, ఎన్నాళ్ళకో, ఆ రోజు నుంచి గోడ మీద బొప్పాయి తొక్కలు, మిగిలిన మొక్కజొన్న తమాలే ముక్క పెడుతోంది, రెండు చేతులతో పట్టుకుని కూర్చుని తింటుంది, తను వండింది వంక పెట్టకుండా తినే ప్రాణి ఈ ఇంట్లో అదొక్కటే, ఉప్పెక్కువైందనదు, మా అమ్మ చేసినట్టు లేదనదు, ముద్దొస్తుంది పాడుది, అవును, ముద్దొస్తుంది, చెప్తే నవ్విపోతారు.

ఏం చేస్తున్నావే, చెవుడా, వస్తున్నా, వెతకొద్దూ, ఎక్కడ పెట్టి చచ్చావు, నువ్వేగా కొబ్బరికాయ కొట్టి ఎక్కడో పారేశావు, నేనా, నేను ముట్టుకుంటే ఒట్టు, అయితే నువ్వే వచ్చి చూసుకో, వచ్చాడు, సారా కంపు, దీనికంటే దాని కంపే నయం, తనని పక్కకి తోసి కుండలు కదిలించాడు, ఉప్పు జాడీ మూత తీశాడు, కత్తి ఉప్పు జాడీలో ఉంటుందా, మొక్కజొన్న పిండి నేలపాలు చేశాడు, అతని భుజం మీదుగా చూస్తే పెరట్లో ఒక చెవి కదిలింది, లేవవే తల్లీ, లే, మూకుడు తీసి దబ్బున పొయ్యి మీద పడేసింది, చప్పుడు కావాలి, ఏంటే ఆ విసురు, నా ఇష్టం, రెండో చెవి, లేచింది, కుంటుతోంది పాపం, వెళ్ళు, వెనక్కి తిరిగి చూడకు, గోడెక్కింది, దిగిపోయింది.

ఆమె పీట వాల్చుకుని కూర్చుంది, వీడింకా వెతుకుతూనే ఉన్నాడు, చెమటలు కక్కుతూ, జల్లెడని రెండుసార్లు తాకాడు, వెనక చూడడు, చూడటం తెలీదు, చొక్కా అందివ్వాలి, నీళ్ళు అందివ్వాలి, తువ్వాలు అందివ్వాలి, ఎక్కడుందే అని అడుగుతున్నాడు, గొంతులో అరుపు లేదు, బతిమాలుతున్నాడు, తను చేతికి అందివ్వనిదే ఈ మనిషి చచ్చినదాని తోక కూడా కొయ్యలేడు, ఇన్నేళ్ళూ తను భయపడి చచ్చింది వీడికా.