సొరుగు లేని కుట్టుమిషన్

నేను ఒక కుట్టుమిషన్ని. అల్లాటప్పా మిషన్ని కాదండోయ్, ఆఫ్రికాలో సింహాన్ని తరిమి ఒక ఆడపిల్లను కాపాడినవాణ్ణి.

పుట్టింది లూధియానాలో. ఓడెక్కి తూర్పు ఆఫ్రికాలోని ఓ మసాయి తెగవాళ్ల పల్లె చేరాను. అక్కడ ఆడపిల్లలకు పెళ్లికి ముందే మర్మాంగం కోసే ఆచారం ఉంది. సర్కారు దాన్ని నిషేధించి, కోసే ముసలమ్మలు కత్తి అప్పగిస్తే కుట్టుమిషన్ ఇస్తామంది. అలా నోలారి ముసలమ్మ ఇంటికి వచ్చాను. చీఫ్‌గారు, అంటే అక్కడి సర్కారు అధికారి, రెండు గంటలు ఉపన్యసించారు. “ఇక కోత జోలికి పోను” అన్న కాగితం మీద ముసలమ్మ వేలిముద్ర వేసింది. ఫొటో తీశారు. ఆమె అప్పగించింది మాంసం కొట్టే కత్తి. అసలు బ్లేడు నా సొరుగులోనే పెట్టుకుంది. అంతమంది వచ్చారే, ఒక్కడైనా సొరుగు లాగి చూడొద్దూ!

వారం తర్వాత కుట్టు నేర్పే పంతులమ్మ వచ్చి గుడ్డ, కత్తెర ముందు పెట్టింది. “కొయ్యి, కోకో.” కోకో అంటే అక్కడ అవ్వ.

“అమ్మో! కోత జోలికి పోనని వేలిముద్ర వేశానుగా. నన్ను జైల్లో పెట్టిద్దామనా?” అని నవ్వింది ముసలమ్మ.

ఇది విని చీఫ్‌గారు మురిసిపోయారు. “చూశారా, గుడ్డ కూడా కొయ్యట్లేదు!” మళ్లీ ఫొటో. తల బాదుకుందామంటే నాకు చేతులేవీ?

బడి సెలవులిచ్చారు. నసియెకు అనే పదకొండేళ్ల మనవరాలు ఇంటికొచ్చింది.

“ఎల్లుండి నీ వంతే,” అంది ముసలమ్మ. “ మీ అమ్మకీ నేనే చేశా. ఏం, చచ్చిపోయిందా?”

“అక్క చచ్చిపోయిందిగా, కోకో.”

ముసలమ్మ కుండ తీసుకుని నీళ్లకు పోయింది.

అప్పుడు నేను వీరోచితంగా ఏదో చేశాననుకుంటున్నారా? నా మొహం! బ్లేడు కోసం పిల్ల నా సొరుగు లాగబోతే, తుప్పుపట్టి బిగుసుకుపోయి దాన్నే సతాయించాను. అది కాలు తన్నిపెట్టి లాగితే సొరుగు మొత్తం ఊడొచ్చింది. నెత్తిన పెట్టుకుని నాలుగు మైళ్లు నడిచి చీఫ్‌గారి బల్లమీద దించింది.

“ఇన్ని మీటింగులు పెట్టారు కదయ్యా, ఇదొక్కటి లాగి చూళ్లేదా?”

ఆయన కాగితాలు తిరగేసి, “సొరుగు సంగతి ఇందులో ఎక్కడా లేదే!” అన్నారు. అక్కడే ఉన్న పంతులమ్మ మాత్రం పిల్లను తన ఇంటికి తీసుకెళ్లింది.

ఆపైన ఆదివారం ఆదివారం పంతులమ్మా, పిల్లా ఇద్దరూ ముసలమ్మ ఇంటికి పాఠానికి వచ్చేవాళ్లు. మూడు నెలలు ముసలమ్మ మనవరాలితో పలకలేదు. ఒకరోజు గుడ్డ, కత్తెర దాని ముందుకు తోసింది.

“నువ్వే కొయ్యి. నేను వేలిముద్ర వేశాను.”

ఈసారి నవ్వలేదు.

నా సొరుగు ఇంకా ఆఫీసు బీరువాలోనే మూలుగుతోంది. సూదులు పెట్టుకునే చోటు లేదు. ఇక సింహం అంటారా, అది నేను కుట్టిందే. వచ్చింది ఒక మేక. దాన్ని తరిమింది కూడా ముసలమ్మ చీపురే.